వానలో అనంతగిరి ఎక్కిన వైకుంఠం

వైకుంఠానికి యాభై ఎనిమిదేళ్లు. చార్మినార్ దగ్గర బట్టల బజారులో వాళ్లకు లేసుల దుకాణం ఉంది. చీరలకు, లెహంగాలకు కుట్టే జరీ అంచులు, మెరిసే గోటా పట్టీలు, ముత్యాల కుచ్చులు అక్కడ దొరుకుతాయి. తండ్రి పోయాక ఆయనా తమ్ముడూ కలిసి నడుపుతున్నారు. దుకాణంలో యజమానికి కుర్చీ లేదు. తెల్ల దుప్పటి పరిచిన గద్దె ఒకటి ఉంటుంది, దాని మీద ముప్పై అయిదేళ్లు మఠం వేసుకుని కూర్చున్నాడాయన. పెళ్లివాళ్లు చీర తెస్తే లేసు చుట్ట విప్పి అంచు మీద పరిచి చూపేవాడు. మాట నెమ్మది, వేళ్లు చురుకు. వచ్చినవాళ్లు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు చెప్పేవాడు.

ఇల్లు హుస్సేనీ ఆలంలో. దుకాణానికి పావుగంట నడక. రోజుకు నాలుగుసార్లు నడిచే ఆ దారిలోనే రెండేళ్ల కిందట పడ్డాడు.

వినాయక చవితికి వారం ముందు సంగతి అది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి బయలుదేరాడు. కుండపోతగా వాన. గల్లీలో మోకాలి లోతు మట్టినీళ్లు. కళ్లు మూసుకుని కూడా పోగలిగిన దారి కదా అని పంచె ఎగగట్టి దిగాడు. నీళ్ల కింద మురుగునాలా మీది బండ ఒకటి జరిగిపోయి ఉంది. కుడికాలు అందులోకి దిగింది, ఒళ్లు ముందుకు తూలింది. తొడ ఎముక మోకాలికి జానెడు పైన విరిగింది. పండ్ల బండి అతనూ, ఎదురింటి మేస్త్రీ కలిసి పైకి లాగారు. "ఫికర్ నక్కో సేఠ్, మై హూ నా" అని, దిగులు పడొద్దు తానున్నానంటూ పండ్ల బండి అతను దవాఖానా దాకా చేయి వదల్లేదు.

ఎముకలో రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం. ఆ మూడు నెలలూ ఆయన్ని లేపింది, పడుకోబెట్టింది, కడిగింది, తుడిచింది భార్య రుక్మిణమ్మ. ఆమెది చలాకీ నోరు. లేపేటప్పుడు కూడా ఊరుకునేది కాదు. "దుకాణంల ముప్పై అయిదేండ్లు కూసున్న బరువంత నా మీదనే ఏస్తున్నరా ఏంది?" అనేది. ఆయనకు సిగ్గు, చిరాకు, కోపం. ఎప్పుడూ ఏదో ఒకటి విసుక్కునేవాడు. ఆమె మాట పడేది, మాట అనేది, మళ్లీ చేతులు చాపేది.

నాలుగో నెల నుంచి సీమోను రావడం మొదలుపెట్టాడు. కాళ్లకూ చేతులకూ వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు. జహనుమాలో ఉంటాడు. ముప్పై దాటలేదు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, నవ్వితే కళ్లు చిన్నవైపోతాయి. పొద్దున పదకొండుకు స్కూటర్ గల్లీ చివర ఆపి వచ్చేవాడు. "ఇయ్యాల కాలు నేల మీద పెడతం అంకుల్. గంతే, ఇంకేం లే" అనేవాడు. మర్నాడు మరొకటి. ఇంట్లో మేడ మీదికి పద్నాలుగు మెట్లు. ఆ పద్నాలుగూ ఎక్కడానికి వైకుంఠానికి ఇరవై రెండు రోజులు పట్టింది. చివరి మెట్టు ఎక్కిన రోజు ఆయన సీమోను భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. అంతకుముందు "డాక్టర్ సాబ్" అని పిలిచేవాడు, ఆ రోజు నుంచి "సీమోనూ" అనడం మొదలుపెట్టాడు.

కాలు బాగుపడింది. దుకాణానికి నడిచి పోవడం మొదలైంది. మఠం వేసుకోవడం మాత్రం కుదరలేదు, గద్దె పక్కన ఒక కుర్చీ వచ్చింది. అంతా సవ్యంగానే ఉందనుకుంటుండగా మరుసటి ఏడు వానాకాలం వచ్చింది.

మొదటి వాన రోజు వైకుంఠం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. గల్లీలో నీళ్లు పాదం లోతు కూడా లేవు. కానీ కింద ఏముందో కనపడని ఆ మట్టి రంగు నీళ్లు చూడగానే ఒళ్లంతా చెమట పట్టింది. చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఆ ఏడు మబ్బు పట్టిన ప్రతి రోజూ తమ్ముడికి ఫోను చేసి ఏదో ఒక వంక చెప్పాడు. పెళ్లిళ్ల సీజనులో కూడా ఇంట్లోనే కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకు ఇంకా కష్టంగా ఉండేది.

ఈ ఏడు మళ్లీ వానలు మొదలైనప్పుడు సీమోను ఒక ఆదివారం ఊరికే చూసిపోదామని వచ్చాడు. చినుకులు పడుతున్నాయి. వైకుంఠం కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఎముకకు ఏం లేదు అంకుల్. ఎక్స్‌రే ఇద్దరం చూసినం గదా" అన్నాడు సీమోను.

"నాకు తెల్వదా? కాలు మంచిగనే ఉంది. నాతోనే అయితలేదు."

సీమోను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అన్నాడు, "వచ్చే ఆదివారం నేను అనంతగిరి పోతున్న. గుట్ట చిన్నదే. మెల్లగ నడిచినా గంటల ఎక్కొచ్చు. మీరు గూడ రండి."

"వానల్నా? పిచ్చి లేసిందా నీకు?"

"వాన పడితేనే పోదాం. పడకుంటే వద్దు."

వైకుంఠం గట్టిగా కాదన్నాడు. కూతురు మనస్విని మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఆమె కూడా బతిమాలింది. "పో బాపూ, సీమోనన్న ఉంటడు గదా." అయినా ఒప్పుకోలేదు. అప్పుడు వంటింట్లోంచి రుక్మిణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేను గూడ వస్త" అంది.

"నువ్వెందుకు?"

"ముప్పై ఒక్క ఏండ్లాయె పెండ్లయి. పెండ్లిళ్లకు, పేరంటాలకు తప్ప ఎటన్న తీస్కపోయిన్రా? నేను పోతున్న సీమోనుతోని. మీరు వస్తే రాండ్రి, లేకుంటే కిటికీ కాడ కూసోండ్రి."

శనివారం రాత్రి ఆయన మూలనున్న చేతికర్ర తీసి గుమ్మం దగ్గర పెట్టాడు.

ఆదివారం పొద్దున ముగ్గురూ నాంపల్లిలో రైలెక్కి వికారాబాద్‌లో దిగారు. అక్కడ ఆటో మాట్లాడుకున్నారు. ఆటో నడిపే బబ్లూ వాళ్లను గుట్ట మీది గుడి దగ్గర దింపి, తిరిగి వచ్చేటప్పుడు ఫోను చేయమని నంబరు ఇచ్చాడు. దేవుడికి దండం పెట్టుకుని అడవిలోకి పోయే కాలిబాట పట్టారు. బాట ముందు లోయలోకి దిగి, ఒక వాగు దాటి, అవతలి గుట్ట మీదికి ఎక్కుతుంది.

వాన సన్నగా, ఆగకుండా కురుస్తోంది. ఎర్రమట్టి నేల. టేకాకుల మీద చినుకులు పడే చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. వైకుంఠం చేతికర్ర గుచ్చి చూసుకుంటూ ఒక్కో అడుగు వేస్తున్నాడు. సీమోను ముందు, ఆయన మధ్యలో, రుక్మిణమ్మ వెనక. ఆమె చెట్టు చెట్టుకూ ఆగుతోంది. "సీతాఫలం చెట్లు సూడుండ్రి ఎన్నున్నయో! మనం బండి మీద కొనేటివి గిక్కడివేనేమో" అంటోంది. ఆయన చూడలేదు. చూపంతా పాదాల ముందరి మూరెడు నేల మీదే.

వాగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

పెద్ద వాగేమీ కాదు. నాలుగు అంగలు వేస్తే అవతలి గట్టు. కానీ నీళ్లు ఎర్రగా, మట్టిగా ఉన్నాయి. అడుగు కనపడటం లేదు. సీమోను దాటి అవతల నిలబడ్డాడు, కర్రతో నీళ్లలో పొడిచి చూపించాడు. "గట్టిగనే ఉంది అంకుల్. పిక్కల దాంక గూడ లేవు."

వైకుంఠం కాళ్లు కదల్లేదు. పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు.

"వాపసు పోదాం" అన్నాడు.

సీమోను బలవంతం చేయలేదు, రమ్మని చేయి కూడా చాపలేదు. అవతలే గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు రుక్మిణమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్లు బొడ్లో దోపి, వాగు దాటింది. దాటి, వెనక్కి వచ్చింది. మళ్లీ దాటింది. మళ్లీ వచ్చింది. మూడోసారి అవతలికి పోయి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"నా బరువు మీకన్న ఎక్కువనే ఉంటది. మునిగిన్నా?"

సీమోనుకు నవ్వాగలేదు. వైకుంఠానికి కోపం రావలసింది, నవ్వే వచ్చింది. ఆ నవ్వులోనే లేచి కర్ర దించాడు, తర్వాత కాలు దించాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. కింద గులకరాళ్లు తగిలాయి. రెండో అడుగు, మూడో అడుగు. అవతలి గట్టు ఎక్కి గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఈ నీళ్లే పోయి మూసీల కలుస్తయి ఆంటీ. మన పురానాపూల్ వంతెన కిందికి వచ్చేటివి గివే" అన్నాడు సీమోను.

"గివేనా? మనదాంక వచ్చేసరికి గంత నల్లగ ఎట్ల అయితయి మరి!" అని ఆమె ముక్కు మీద వేలేసుకుంది.

ఆ తర్వాత ఎక్కడం కష్టమే అయింది గానీ, ఎక్కాడు. మూడుచోట్ల కూర్చున్నాడు. పైకి చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడి నుంచి లోయ అంతా కనిపిస్తుందని సీమోను దారి పొడవునా చెప్తూ వచ్చాడు. చూస్తే ఏముంది, మబ్బు. ఎదురుగా, కిందా, పక్కనా తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మస్తు కనవడుతున్నది సీమోనూ" అన్నాడు వైకుంఠం.

రుక్మిణమ్మ పొద్దున్నే లేచి చేసిన సర్వపిండి రొట్టెల మూట విప్పింది. ఫ్లాస్కులో చాయ్ ఇంకా వేడిగా ఉంది. వానకు తడవకుండా గొడుగు కింద దాచుకుని తిన్నారు. పల్లీలు కరకరలాడుతున్నాయి. ఇంట్లో ఎన్నోసార్లు తిన్న పిండే, అయినా వైకుంఠం అడిగి మరో ముక్క పెట్టించుకున్నాడు. మొహం మీద వాన పడుతుంటే తుడుచుకోకుండా అలాగే కూర్చున్నాడు.

దిగేటప్పుడు జారింది ఆయన కాదు, రుక్మిణమ్మ.

సగం దూరం దిగాక, బురదగా ఉన్న వాలు దగ్గర కాలు మెలిపడి కూలబడింది. "అమ్మా" అన్న కేక విని వైకుంఠం వెనక్కి తిరిగాడు. కర్ర పక్కన పడేసి వంగి, ఆమె కుడిచేయి పట్టుకుని పైకి లాగాడు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది.

"ఆ చెయ్యి వద్దు! ఆ చెయ్యి ఇడువుండ్రి!"

ఆయన గాభరాగా వదిలేశాడు. దెబ్బ తగిలింది కాలికి కదా, చేతికేమైంది? సీమోను గబగబా వచ్చి ఆమె చీలమండ నొక్కి చూశాడు, వేళ్లు కదిలించమన్నాడు. "విరగలే ఆంటీ. బెణికింది" అని సంచిలోంచి పట్టీ తీసి చుట్టాడు. ఇద్దరూ కలిసి, ఈసారి ఎడమ వైపు పట్టుకుని, పక్కనే గొడుగులా ముందుకు వచ్చిన రాతి కిందికి చేర్చారు.

"పట్టీ ఏసినంక కొద్దిసేపు కాలు కదపొద్దు. ఇక్కడ ఫోను కలుస్తలేదు, నేను పోయి బబ్లూను పిలుచుకొస్త. వాగు కాడ ఇద్దరం పట్టుకోవాలె" అన్నాడు సీమోను. పోబోతూ ఆగి, "ఆంటీ, భుజం?" అని అడిగాడు.

"ఏం గాలే, పో బిడ్డా" అంది ఆమె, మొగుడి వైపు చూడకుండా.

సీమోను వెళ్లాడు. వాన పెద్దదయింది. రాతి అంచు నుంచి నీళ్లు ధారలుగా పడుతున్నాయి. వైకుంఠం ఆమె పక్కన కూర్చున్నాడు.

"భుజానికి ఏమైంది?"

"ఏం గాలే."

"రుక్మిణీ."

ఆమె కాసేపు చీర కొంగు పిండుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది. "మీరు మంచంల ఉన్నప్పుడు లేపుతుంటే పట్టేసింది. అప్పటి సంది పైకి లేస్తలేదు. ఇప్పుడు మస్తు నయం. సీమోను జూసిండు. నేను గిలాస ఎడమ చేత్తోని తీస్తుంటే కనిపెట్టిండు. మీకు చేపిచ్చినంక పది నిమిషాలు వంటింట్ల నాకు గూడ చేపిచ్చెటోడు."

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తే లేపనిస్తరా మీరు? నన్ను ముట్టుకోకు అని మంచంలనే ఉండెటోళ్లు. నేనే వద్దన్న సీమోనుకు."

వైకుంఠానికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. రెండేళ్లుగా పొద్దున పూట మనస్విని తల్లికి జడ వేస్తోంది. పెద్దపిల్లయ్యాక తల్లి మీద ప్రేమ ఎక్కువైందని నవ్వుకున్నాడు. పండుగకు పై అరలోని ఇత్తడి గిన్నెలు తీయమని తమ్ముడి భార్యను పిలిస్తే, బద్ధకం పెరిగిందని ఎగతాళి చేశాడు. మంచంలో ఉన్నప్పుడు మెల్లగా లేపడం రాదా అని అరిచిన రోజు కూడా గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె పెదవి కరుచుకుని నిలబడటం ఆయన చూశాడు. కోపమనుకున్నాడు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహమంతా వాన నీళ్లే కాబట్టి తుడుచుకోలేదు.

ఆమె జడ ఊడిపోయింది. తడిసిన జుట్టు మెడకు, చెంపకు అతుక్కుపోయింది. ఎడమ చేత్తో వెనక్కి తోసుకుంటే మళ్లీ ముందుకు పడుతోంది. వైకుంఠం జరిగి ఆమె వెనక కూర్చున్నాడు. జుట్టంతా కూడదీసి నీళ్లు పిండాడు. మూడు పాయలు చేశాడు.

"ఏం జేస్తున్నరు? ఎవరన్న జూస్తరు" అంది ఆమె.

"మబ్బుల ఎవరు జూస్తరు? సక్కగ కూసో."

జరీ తాళ్లు అల్లి కుచ్చులు కట్టిన వేళ్లవి. జడ వేయడం ఎప్పుడూ చేయకపోయినా, ఒకదాని మీద ఒకటి పడే లెక్క ఆ వేళ్లకు తెలుసు. నెమ్మదిగా, బిగువుగా, చివరి దాకా అల్లాడు. జేబు రుమాలు అంచు చింపి ముడి వేశాడు. రుక్మిణమ్మ కదలకుండా కూర్చుంది. ఆమె భుజాలు ఒకసారి ఎగసిపడ్డాయి. నవ్విందో ఏడ్చిందో ఆయనకు కనపడలేదు.

"మనస్విని గింత గట్టిగ ఏయది" అంది చివరికి.

"నొస్తుందా?"

"లే. మంచిగుంది."

సీమోనూ బబ్లూ వచ్చేసరికి ముప్పావుగంట దాటింది. వాన తగ్గుముఖం పట్టింది. బబ్లూ బలమైనవాడు. ఇద్దరూ కలిసి ఆమెను పట్టుకుని దింపుతూ వచ్చారు. కానీ వాగు ఒడ్డున బాట సన్నబడి, ముగ్గురు పక్కపక్కన నడవడానికి చోటు లేదు. నీళ్లు కూడా పొద్దుటికంటే జానెడు పెరిగాయి.

"నేను పట్టుకుంట" అన్నాడు వైకుంఠం.

సీమోను ఆయన వైపు ఒకసారి చూసి పక్కకు జరిగాడు. "మీరు ఎడమ దిక్కు ఉండండి అంకుల్. అడుగు మీరు ముందట ఏసి, తర్వాత ఆంటీని ఏయనియ్యండి." బబ్లూ వాగులోకి దిగి కింది వైపు కాపలాగా నిలబడ్డాడు. సీమోను వెనక వచ్చాడు.

రుక్మిణమ్మ ఎడమ చేయి ఆయన మెడ చుట్టూ పడింది. బరువంతా ఆయన మీద వేసి కుంటుతూ దిగింది. మట్టినీళ్లు పిక్కల పైకి వచ్చాయి. కింద ఏముందో ఇప్పుడూ కనపడటం లేదు. భయం పోలేదు. అయినా కుడికాలు ముందుకు వేసి, గులకరాళ్లు తగిలాక, "ఇగ నువ్వెయ్యి" అన్నాడు. ఆమె వేసింది. మళ్లీ ఆయన. మళ్లీ ఆమె. నాలుగు అంగల వాగు దాటడానికి ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు. గట్టు ఎక్కాక బబ్లూ, "అరే వా చాచా!" అని చప్పట్లు కొట్టాడు.

ముగ్గురూ కలిసి గుడి దాకా ఎక్కించాక, ఆటోలో రుక్మిణమ్మ కాలు చాపుకుని కూర్చుంది. ముందు సీట్లో బబ్లూ పక్కన ఇరుక్కున్న సీమోను వీపు వైపు వైకుంఠం చాలాసేపు చూశాడు. తర్వాత ముందుకు వంగి అతని భుజం మీద చేయి వేశాడు.

"సీమోనూ, నన్ను నడిపిచ్చినవు. దాన్ని గూడ చూసుకున్నవు. నాకు తెల్వనే తెల్వదు."

"ఆంటీయే జేసుకుంది అంకుల్. నేను చూపిచ్చిన, గంతే" అన్నాడు సీమోను, కొంచెం ఇబ్బందిగా.

రుక్మిణమ్మ పది రోజులు నడవకూడదన్నారు. ఆ పది రోజులూ పొద్దుటి చాయ్ వైకుంఠమే పెట్టాడు. మొదటి రోజు పొంగిపోయింది, రెండో రోజు చక్కెర ఎక్కువైంది. మనస్విని జడ వేయబోతే, "నువ్వు ఆఫీసుకు పో బిడ్డా, లేటయితది" అని దువ్వెన తీసుకున్నాడు.

వాన రోజుల్లో ఇప్పుడు దుకాణానికి పోతున్నాడు. ధైర్యంగా ఏమీ పోడు. గోడ వారగా, కర్రతో పొడుచుకుంటూ, పావుగంట దారి అరగంటలో నడుస్తాడు. నీళ్లు మరీ ఎక్కువగా ఉంటే ఆగిపోతాడు, తగ్గాక పోతాడు.

పదో రోజు సీమోను వచ్చి కట్టు విప్పాడు. కాలు బాగుంది. "ఇగ భుజం సంగతి జూద్దాం ఆంటీ" అని వంటింట్లోకి నడిచాడు. వైకుంఠం కూడా వాళ్ల వెంట పోయాడు. తలుపు వెనక గోడకు ఎదురుగా నిలబడి రుక్మిణమ్మ కుడిచేతి వేళ్లతో గోడ ఎక్కడం మొదలుపెట్టింది. చూపుడువేలు, మధ్యవేలు, ఒకదాని తర్వాత ఒకటి. అప్పుడు చూశాడు వైకుంఠం. ఆ గోడ మీద పెన్సిలు గీతలున్నాయి, ఒక్కో గీత పక్కన తేదీ. అన్నిటికంటే కింది గీత ఆమె ఛాతీ ఎత్తులో ఉంది. తేదీ ఆయన మంచం దిగిన నెలది. అక్కడి నుంచి ఏడాదిన్నరలో, వేలెడు, అర వేలెడు చొప్పున, ఆమె నుదుటి దాకా పాకాయి. రోజూ తిరిగే ఇంట్లో, తలుపు తీస్తే కనపడని చోట.

ఆయన వంగి, కింది నుంచి ఒక్కొక్క తేదీ చదివాడు. చదవడం అయ్యేదాకా ఆమె వేళ్లు గోడకు ఆనించే ఉంచింది.

"ఇంకొంచెం ఆంటీ" అన్నాడు తర్వాత సీమోను. ఆమె మడమలు ఎత్తకుండా, పళ్లు బిగించి, వేళ్లు ఇంకో అంగుళం పైకి నడిపింది.

వైకుంఠం అరలోంచి పెన్సిలు తీసుకుని, ఆమె వేలి కొస దగ్గర గీత గీశాడు. పక్కన ఆ రోజు తేదీ వేశాడు.